ఇంట్లో మైక్రోవేవ్ నిజంగా వాడుతున్నారా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కావలి_కోడలు:
అందరికీ నమస్కారం. మా నాన్న కందుకూరు దగ్గర పల్లెలో ఒక్కరే ఉంటున్నారు. వంటమనిషి పొద్దున వచ్చి రెండు పూటలకీ చేసి వెళ్ళిపోతుంది. రాత్రికి ఆయన చల్లటి అన్నం, చల్లటి కూర తింటున్నారు. గ్యాస్ వెలిగించమందామంటే కట్టేయడం మర్చిపోతున్నారు, మాకు అదే టెన్షన్. అందుకే మైక్రోవేవ్ కొనిద్దామని. వేడి చేసుకోవడానికి 20 లీటర్ల మామూలు సోలో రకం సరిపోతుందా, లేక వేడిగాలితో కేకులు కూడా చేసే కన్వెక్షన్ రకం తీసుకోవాలా? పల్లెలో సాయంత్రం వోల్టేజీ తక్కువ, పని చేస్తుందా? బిల్లు ఎంత పెరుగుతుంది? ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలే. ఆదివారం చేసిన చేపల పులుసు సోమవారం అందులో వేడి చేసుకోవచ్చా? వాడేవాళ్ళు చెప్పండి.

బుచ్చి_వంటిల్లు:
కళ్ళు మూసుకుని కొనిచ్చెయ్ చెల్లీ. మా ఆయనకి స్టెంట్ వేశాక డాక్టరు నూనె తగ్గించమన్నారు. పప్పన్నంలోకి అప్పడం లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఇప్పుడు అప్పడానికి రెండు వైపులా చుక్క నూనె రాసి మైక్రోవేవ్‌లో పెడతా, నిమిషం లోపే పొంగుతుంది. వేరుశనగ గుళ్ళు కూడా అందులోనే వేయిస్తా. అయితే ఒకేసారి నాలుగైదు నిమిషాలు పెట్టకూడదు, బయటికి తెల్లగానే ఉండి లోపల మాడిపోతాయి. నిమిషానికొకసారి తీసి కలపాలి. కరివేపాకు పొడికి ఆకు కడిగి, తడి ఆరాక రెండు నిమిషాలు పెడితే పచ్చరంగు పోకుండా గలగలలాడుతుంది. బొంబాయి రవ్వ తెచ్చిన రోజే వేడి చేసి, చల్లారాక డబ్బాలో పోస్తే పురుగు పట్టదు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, చేసి చూసి తెలుసుకున్నవే.

నెల్లూరు_పులుసు:
అమ్మా కావలి కోడలు గారూ, మిగతావన్నీ మీ ఇష్టం. చేపల పులుసు మాత్రం దాంట్లో పెట్టించకండి. మన పులుసు రుచి తెల్లారేదాకా ఆగిన దాంట్లో ఉంది. మట్టి దాకలో రాత్రంతా ఊరి, నూనె పైకి తేలి, ముక్కకి పులుపూ కారం పట్టి, మామిడికాయ ముక్క మెత్తబడి ఉంటుంది. దాన్ని వేడి వేడి అన్నంలో చల్లగానే కలుపుకోవాలి. మళ్ళీ వేడి చేస్తే ముక్క విరిగిపోతుంది, మెంతిపొడి చేదు పైకి వస్తుంది. నెల్లూరులో పుట్టినవాళ్ళు ఎవరూ పులుసుకి రెండోసారి వేడి చూపించరు.

ఒంగోలు_నైట్‌డ్యూటీ:
అన్నా, ఇంట్లో ఆడవాళ్ళు దాకలో వండి పెట్టేవాళ్ళకి ఆ మాట సరిపోతుంది. నేను డ్యూటీ దిగి రూముకి వచ్చేసరికి అర్ధరాత్రి. అమ్మ పంపిన పులుసు ఫ్రిజ్‌లో ఉంటుంది. దాన్ని చల్లగా తినమంటారా? నేను వేడి చేసుకునే తింటా, ముక్క విరగదు. గాజు గిన్నెలో ముక్క పులుసులో మునిగేలా పెట్టి, మూత వదులుగా వేసి, పవర్ సగానికి తగ్గించి రెండు నిమిషాలు. అంతే. ఫుల్ పవర్ మీద పెట్టేవాళ్ళే విరిగిందని అరుస్తారు. తలకాయ ముక్క మాత్రం పెట్టొద్దు, కన్ను టప్పున పేలి లోపలంతా చిమ్ముతుంది.

నెల్లూరు_పులుసు:
ఫ్రిజ్‌లో పెట్టినప్పుడే అది పులుసు కాకుండా పోయింది తమ్ముడూ. చింతపండు పులుపు ఉండగా ఫ్రిజ్ ఎందుకు? మా నాయనమ్మ కాలంలో ఫ్రిజ్ ఉందా? ఎవరికైనా ఏమన్నా అయిందా?

భౌతికం_మాస్టారు:
ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ వాదన వింటూ ఊరుకోలేను. మే నెల ఉక్కలో వండిన చేపని రాత్రంతా బయట పెట్టి, వయసు మళ్ళిన మనిషికి పెట్టమని సలహా ఇస్తారా? పులుపు కొంత కాపాడుతుంది, నిజమే. కానీ మీ నాయనమ్మ పొద్దున పట్టిన చేప వండింది. మీరు ఐస్‌లో ఉన్న చేప కొంటున్నారు. ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయడమే పెద్దవాళ్ళకి మంచిది.

ఇంకో సంగతి. మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి ఉడికిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 2450 మెగాహెర్ట్‌జ్ తరంగాలు ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే చొచ్చుకుపోతాయి. అక్కడ నీటి అణువులు అటూ ఇటూ తిరిగి వేడి పుడుతుంది, ఆ వేడి మెల్లగా మధ్యకి పాకుతుంది. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అందుకే లోపల కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ వేడి పడుతుంది, పళ్ళెం తిరగాల్సింది అందుకే. అన్నం ముద్ద మధ్యలో చల్లగా ఉందంటే తప్పు మిషనుది కాదు. మధ్యలో ఒకసారి కలపాలి, ఆపాక ఒక నిమిషం ఆగి తీయాలి.

పొదిలి_రైతుబిడ్డ:
మాస్టారూ, ఎంత కలిపినా మా ఇంట్లో మధ్యలో చల్లగానే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి మా ఊళ్ళో వోల్టేజీ 180కి పడిపోతుంది. లైటు వెలుగుతుంది, పళ్ళెం తిరుగుతుంది, గిన్నె మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. కొన్నచోట అడిగితే మిషనులో ఏ లోపమూ లేదంటారు. కరెంటు వాళ్ళని అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువంటారు. ఇద్దరి మధ్యా తిరగలేక విసుగొచ్చింది. కోడలు గారూ, పల్లెకి కొనేముందు సాయంత్రంపూట మీటరు పెట్టి వోల్టేజీ చూపించుకోండి. ఇన్వర్టర్ ఉందిగా అనుకోకండి, ఇళ్ళలో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ దీన్ని లాగలేదు.

మిషన్_డాక్టర్:
నెల్లూరులో రిపేరు షాపు నాది. మాస్టారు చెప్పింది పుస్తకంలోది, తప్పని అనను. కానీ బల్ల మీద విప్పి చూసేవాడికి తెలిసేది వేరు. పొదిలి అన్న చెప్పింది వంద శాతం నిజం. వోల్టేజీ కొంచెం పడితే, తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం బలం చాలా ఎక్కువ పడిపోతుంది. స్టెబిలైజర్ పెట్టాలంటే టీవీకి పెట్టేది పనికిరాదు, రెండు కేవీఏ పైన ఉండాలి.

షాపుకి వచ్చేవాటిలో చాలావరకు ఒకటే జబ్బు. లోపల గోడకి అట్టముక్క లాగా ఒకటి ఉంటుంది, దాని మీద నూనె, పులుసు చిమ్మి మాడి నల్లబడుతుంది. అక్కడే నిప్పురవ్వలు వస్తాయి. మిషను పోయిందని జనం కొత్తది కొంటున్నారు. అది మైకా షీట్. కొలతకి కత్తిరించి వేస్తే సరిపోతుంది, ఖర్చు చాలా తక్కువ.

ఒక్క మాట పెద్దక్షరాలతో రాసినట్టు చదవండి: యూట్యూబ్ చూసి కవర్ విప్పొద్దు. లోపల కరెంటుని దాచుకునే కెపాసిటర్ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా వేల వోల్టుల ఛార్జి నిలబడి ఉండొచ్చు. ఏసీ మెకానిక్‌లు కూడా తెలియక చెయ్యి పెడతారు.

గూడూరు_అభ్రకం:
మైకా అన్నారు కాబట్టి చెప్తున్నా. ఆ మైకా మనదే! గూడూరు, సైదాపురం గనుల అభ్రకానికి ఒకప్పుడు ప్రపంచమంతా పేరు. నెల్లూరు ఆకుపచ్చ మైకా అంటే విదేశాలకి వెళ్ళేది. వేడికి మాడదు, కరెంటుని పోనివ్వదు, మైక్రోవేవ్ తరంగాల్ని మాత్రం అడ్డుకోకుండా పోనిస్తుంది. మా తాత గనిలో పొరలు చీల్చే పని చేశాడు. మన జిల్లా రాయి ప్రతి వంటింట్లో ఉందంటే ఎంత గర్వం!

ఒంగోలు_నైట్‌డ్యూటీ:
గూడూరుని 2022లోనే తిరుపతి జిల్లాలోకి మార్చారు కదా, మన జిల్లా అంటారేంది?

గూడూరు_అభ్రకం:
కాగితం మీద గీత గీస్తే మా ఊరు మారిపోతుందా? 2022లో సైదాపురాన్ని నెల్లూరులోనే ఉంచారు. మా మాట, మా తిండి, మా పెళ్ళి సంబంధాలు అన్నీ నెల్లూరువే. ఇట్టా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మిషన్_డాక్టర్:
అన్నా, గొప్పే, కాదనను. కానీ ఇప్పుడు వచ్చే షీట్లు మైకా తునకల్ని రెసిన్ అనే జిగురుతో అతికించి నొక్కినవి. అందులో ఏ ఊరి మైకా ఉందో నాకైతే తెలియదు. నేను చాలా కాలంగా ఇవే వేస్తున్నా.

అడ్మిన్:
జిల్లాల గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఇక్కడ మైక్రోవేవ్ సంగతి మాట్లాడండి.

ఆత్మకూరు_వదిన:
మట్టి దాకల గురించి నేనొకటి చెప్పాలి. మా తోడికోడలు పులుసు రుచి పోకూడదని దాకతో సహా మైక్రోవేవ్‌లో పెట్టింది. పులుసు వేడెక్కలేదు, దాక మాత్రం ముట్టుకోలేనంత కాలింది. తీసి గట్టు మీద పెట్టగానే నిలువునా పగిలింది. అత్తగారి దాక అది. ఇంట్లో వారం పాటు మాటల్లేవు.

నెల్లూరు_పులుసు:
చూశారా? నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే! బాగా పండిన దాక పోతే మళ్ళీ అట్టాంటిది తయారవడానికి ఏళ్ళు పడుతుంది. ఈ మాస్టారు, ఆ ఒంగోలు తమ్ముడు కలిసి జనానికి లేనిపోని అలవాట్లు నేర్పుతున్నారు.

భౌతికం_మాస్టారు:
నేను దాక పెట్టమని ఎక్కడ అన్నాను? చదవకుండా నా మీద వేయకండి. పూత లేని మట్టిపాత్ర గోడలు నీళ్ళు పీల్చుకుని ఉంటాయి. తరంగాల శక్తి ముందు ఆ నీటికే పోతుంది, అందుకే పాత్ర కాలి పగులుతుంది. గాజు గిన్నెలోకి తీసుకోమని ఒంగోలు అబ్బాయి స్పష్టంగా రాశాడు.

ఒంగోలు_నైట్‌డ్యూటీ:
థాంక్యూ మాస్టారూ. నెల్లూరు అన్నకి పులుసు తప్ప వేరేవాళ్ళ కష్టం కనిపించదు. ఒంటరిగా ఉండేవాడు అర్ధరాత్రి వేడి మెతుకులు తినడం తప్పా?

మైపాడు_గాలి:
మాది సముద్రం ఒడ్డు. కొన్న రెండేళ్ళకే తలుపు అంచుల్లో తుప్పు పట్టింది. ఉప్పుగాలికి గ్రిల్లులే ఆగవు, ఇదెంత. దానికితోడు మా పక్కింటావిడ దీని ముందు నిలబడితే క్యాన్సర్ వస్తుందని మా అత్తని భయపెట్టింది. అత్త అది తిరుగుతుంటే వంటింట్లోకి రావడం మానేసింది. ఏం చెప్పి ఒప్పించాలి?

భౌతికం_మాస్టారు:
అమ్మా, ఎక్స్‌రే లాగా శరీర కణాల్ని దెబ్బతీసే రకం కాదు ఇది. వేడి పుట్టించడం ఒక్కటే దీని పని. తలుపు అద్దంలోని జల్లెడ చిల్లులు తరంగం పొడవు కంటే చాలా చిన్నవి, అందుకే వెలుతురు వస్తుంది, తరంగం రాదు. తలుపు తీసిన క్షణంలో మిషను ఆగిపోతుంది. అయితే మీ తలుపు తుప్పు పట్టిందన్నారు. తలుపు సరిగ్గా అతుక్కోకపోయినా, వంకరపోయినా వాడకండి, ముందు బాగు చేయించండి. అసలు ఈ మాగ్నెట్రాన్ రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం వాడింది. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ పని చేస్తుండగా జేబులో మిఠాయి కరగడం గమనించాడట, 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు ఉండేది.

బుచ్చి_వంటిల్లు:
లోపల శుభ్రానికి గిన్నెలో నీళ్ళు పోసి నిమ్మకాయ ముక్కలు వేసి నాలుగు నిమిషాలు తిప్పండి. ఆవిరికి మరకలు మెత్తబడతాయి, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తాయి. చేప వాసన కూడా పోతుంది. పొదలకూరు నిమ్మకాయలు దగ్గరుండగా ఏ లిక్విడూ కొననక్కర్లేదు.

చంటిపాప_అమ్మ:
పాల సీసా మాత్రం అందులో పెట్టకండి. బయట సీసా చల్లగా ఉండి లోపల పాలు ఒకచోట కాలిపోయేంత వేడిగా ఉంటాయి. మా ఆసుపత్రిలో నర్సమ్మ గట్టిగా చెప్పింది. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టడమే మేలు.

కావలి_కోడలు:
చాలా థాంక్స్ అందరికీ. కానీ బిల్లు, సోలోనా కన్వెక్షనా, స్టీలు గిన్నెలు, వీటి గురించి ఎవరూ చెప్పలేదు. నాన్నకి కళ్ళు సరిగ్గా కనపడవు, టచ్ బటన్లు అర్థం కావేమోనని నాకు దిగులు.

మిషన్_డాక్టర్:
చెల్లీ, ఇదిగో. సోలో తీసుకోండి, రెండు గుండ్రటి నాబ్‌లు ఉన్నది. పైది పవర్, కిందది టైము. టచ్ ప్యానెల్ పెద్దవాళ్ళకి వద్దు, పైగా బొద్దింకలు లోపలికి దూరితే బోర్డే పోతుంది. నాబ్ తిప్పితే టైము అవగానే గంట మోగి తనంతట తనే ఆగుతుంది, గ్యాస్‌లా మర్చిపోయే భయం లేదు. పవర్ నాబ్ ఎక్కడ ఉండాలో ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టండి. ఖాళీగా మాత్రం తిప్పొద్దని గట్టిగా చెప్పండి, మాగ్నెట్రాన్ దెబ్బతింటుంది. కన్వెక్షన్ కేకులు చేసేవాళ్ళకి.

స్టీలు గిన్నెలో పెడితే అన్నం సరిగ్గా వేడెక్కదు, గోడకి తగిలితే రవ్వలు వస్తాయి. కన్వెక్షన్‌తో స్టీలు ట్రే ఇచ్చారుగా అని కొందరు వాదిస్తారు, అది వేడిగాలి మోడ్‌కి. రెండు మూడు బోరోసిల్ గాజు గిన్నెలు కొనివ్వండి. మెలమిన్ ప్లేట్లు, బంగారు అంచు కప్పులు పెట్టొద్దు. ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో 5 ఉండి, మైక్రోవేవ్‌కి పనికొస్తుందని రాసి ఉండాలి.

భౌతికం_మాస్టారు:
బిల్లు నేను లెక్క కడతా. 20 లీటర్లది గోడ నుంచి సుమారు 1200 వాట్లు లాగుతుంది. రోజుకి పది నిమిషాలు వాడితే 0.2 యూనిట్, నెలకి 6 యూనిట్లు. భయపడాల్సింది ఏమీ లేదు. అన్నం మీద రెండు చెంచాల నీళ్ళు చిలకరించి మూత వేయమనండి, పొడిబారదు. గుడ్డు పెంకుతో పెట్టకూడదు, ఉడికించిన గుడ్డు కూడా పేలుతుంది. అది మాత్రం తప్పకుండా చెప్పండి.

నెల్లూరు_పులుసు:
నాన్నగారికి సోమవారం పులుసు తినాలని ఉంటే, ఆదివారం చేసిన దాంట్లోంచి ముక్కలు చిన్న గాజు గిన్నెలో తీసి ఫ్రిజ్‌లో పెట్టించండి, సోమవారం సగం పవర్ మీద వేడి చేసుకుంటారు. పెద్దాయన ఆరోగ్యం కాబట్టి ఒప్పుకుంటున్నా. మిగతావాళ్ళకి నా మాట మారదు.

కావలి_కోడలు:
సోలోనే తీసుకుంటున్నాం అన్నా. వంటింట్లో ఉన్నది ఫ్యాన్ స్విచ్ పక్కన చిన్న సాకెట్ ఒక్కటే. మిక్సీ దానికే పెడతారు. దానికి పెట్టొచ్చా?

మిషన్_డాక్టర్:
వద్దు చెల్లీ, సాకెట్ కాలిపోతుంది. 16 ఆంప్స్ పవర్ ప్లగ్ విడిగా పెట్టించండి. మెయిన్ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్), ఎర్త్ తప్పనిసరి. పల్లెల్లో ఎర్త్ ఉందని చెప్తారు గానీ గుంట ఎండిపోయి ఉంటుంది, ఎలక్ట్రీషియన్ చేత చూపించి నీళ్ళు పోయించండి. వెనక గోడకి నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి పెట్టమనండి, ఫ్రిజ్ మీద మాత్రం పెట్టొద్దు.