అప్‌డేట్: ఎండలోనూ కనిపించే స్కోరుబోర్డు

మా ఊరి క్రికెట్ మైదానంలో పెట్టిన టీవీ మధ్యాహ్నం ఎండకు స్కోరు బదులు మా ముఖాలనే చూపిస్తోందని, దాని స్థానంలో ఏం కట్టుకోవాలని కిందటి నెల అడిగాను. మీరు సూచించినట్లే ఎరుపు రంగు పీ10 ఎల్‌ఈడీ మాడ్యూళ్లు (చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్ల దూరం ఉండే దీపాల పలకలు) 12 తెచ్చి, వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలుగా బిగించాము. ఒక్కొక్కటి 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు కనుక స్కోరు అంకెలను 32 సెంటీమీటర్ల ఎత్తున చూపగలుగుతున్నాము.

మొదటిరోజు ఎడమవైపు అంకెలు ధగధగ మెరుస్తుంటే కుడి చివరివి వెలవెలబోయాయి. మాడ్యూళ్లే నాసిరకమని దుకాణదారుతో తగువుకు బయలుదేరబోయాను కాని, మల్టీమీటరు పెట్టి చూస్తే తప్పు నాదేనని తేలింది: సన్నని తీగతో ఒకదాని నుంచి మరొకదానికి కరెంటు ఇస్తూ పోవడం వల్ల 5 వోల్టులు చివరికి చేరేసరికి 4.1 అయ్యాయి. పవర్ సప్లై నుంచి ప్రతి రెండు మాడ్యూళ్లకు విడిగా లావు తీగ లాగాక అన్నీ సమంగా వెలిగాయి.

ఎల్‌ఈడీ వరుసలపై ఉండే నల్లని చిన్న చూరు నడినెత్తి ఎండను ఆపుతుంది గాని సాయంత్రం ఎదురెండను ఆపలేదు, అందుకే పడమటి ముఖంగా ఉన్న బోర్డును ఉత్తరానికి తిప్పాము. మాడ్యూళ్లకు తడిని తట్టుకునే పూత ముందువైపే ఉంది కాబట్టి, వెనుక రేకు పెట్టెను తొలకరిలోగా మూయవలసి ఉంది.