విశ్వవిద్యాలయ నాటక శాఖలో బోధన, దర్శకత్వం, నటన: ఈ మూడూ ఒక్కరే చేయగలరా?

ప్రశ్న: గాంధీరోడ్డు అమ్మాయి, తిరుపతి

పెద్దలందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎం.ఏ. తెలుగు ఈ ఏడాదే పూర్తి చేశాను. నా వయసు 24. డిగ్రీలో ఒకసారి, పీజీలో రెండుసార్లు విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో ఏకాంకిక బృందంతో పాల్గొన్నాను. 30 నిమిషాలకు, తొమ్మిది మంది నటులకు మించకూడని ఆ నాటిక కోసం మేము రెండు నెలల పాటు తరగతులు ముగిశాక బల్లలన్నీ గోడవారకు జరిపి రిహార్సల్స్ చేసుకునేవాళ్లం. ఆఖరి ఏడాది, బయటి నుంచి వచ్చిన దర్శకుడు మధ్యలోనే మానేయడంతో మిగిలిన పని నా మీద పడింది. వేదిక మీద నిలబడినప్పటి కంటే, ఎదురుగా నేల మీద కూర్చుని, ఒక జూనియర్ అమ్మాయి తన మాటను సరైన చోట అందుకోవడం చూసినప్పుడు నాకు ఎక్కువ సంతోషం కలిగింది. అప్పటి నుంచి విశ్వవిద్యాలయ నాటక శాఖలో చేరి పాఠం చెప్పాలని, విద్యార్థులతో నాటకాలు చేయించాలని, వీలైతే నేనూ నటించాలని కోరిక పట్టుకుంది.

ఇంట్లో బి.ఇడి. చేసి డీఎస్సీ రాయమంటున్నారు. మా నాయన నాటకానికి వ్యతిరేకి కారు. మహతి ఆడిటోరియంలో పౌరాణికం పడిందంటే అంగడి ముందే కట్టేసి వెళ్లి మొదటి వరుసల్లో కూర్చుంటారు. అయినా, "చూసేదానికి బాగుంటాది గానీ, దానికి నెలనెలా జీతమెవురిస్తారు మా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ దారిలో నడిచినవారు అర్హతల సంగతి, రోజువారీ పని సంగతి చెప్పగలరా? పాఠం చెప్పే మనిషి దర్శకత్వమూ నటనా కూడా చేస్తే ఏదో ఒకటి చెడదా అన్నది నా అసలు సందేహం.

సమాధానం: పాతతెర

అమ్మా, నేను 27 సంవత్సరాలు రంగస్థల కళలు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. అర్హతల సంగతి ముందు ముగిస్తాను. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధనల ప్రకారం నాటక శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి రెండు దారులున్నాయి. మొదటిది, సంబంధిత విషయంలో 55 శాతం మార్కులతో పీజీ చేసి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, నిబంధనలకు సరిపోయే పీహెచ్‌డీ గానీ సంపాదించడం. రెండోది కళాకారుల దారి: జాతీయ నాటక పాఠశాల వంటి సంస్థలో ప్రథమ శ్రేణిలో డిగ్రీ లేదా డిప్లొమా పొంది, ఐదేళ్ల పాటు వేదికల మీద గుర్తింపు పొందిన ప్రదర్శనలిచ్చినట్టు ఆధారాలు చూపాలి, సిద్ధాంతాన్ని ఉదాహరణలతో బోధించగలగాలి. మీరు చదివినది తెలుగు కనుక రంగస్థల కళల్లో మరో పీజీ చేయడమే మేలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీనాయుడు స్కూల్, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం మన పిల్లలు సాధారణంగా వెళ్లే చోట్లు. నెట్‌లో నృత్యం, నాటకం కలిసి ఒకే సబ్జెక్టుగా ఉంటాయి, దాని సంఖ్య 65.

మీ నాయన గారి ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. బళ్లారి రాఘవ గారంతటి నటులు కూడా న్యాయవాద వృత్తితోనే జీవించారు. అబ్బూరి రామకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ నాటకాలు చేయించారు. నాటకం నేర్పినందుకే నెల జీతం ముట్టడమన్నది మన వైపు విశ్వవిద్యాలయాల్లో నాటక శాఖలు ఏర్పడ్డాకే వచ్చిన వెసులుబాటు. ఆ పోస్టులు కొద్ది, అవి పడేది ఎప్పుడో ఒకసారి.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. చెడుతుంది, నా విషయంలో చెడింది కూడా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నటుడిగా నాకు కొంత పేరున్న కారణంగా, ప్రతి పాత్రనూ ముందు నేనే నటించి చూపించేవాణ్ని. నగరి నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ముసలి నేతగాడి పాత్ర ఇచ్చాను. అతని ఇంట్లోనే మగ్గముంది, అతని తాత అదే పనిలో నడుం వంగిపోయిన మనిషి. ఆ సంగతి నేను అడగనూ లేదు, అతను చెప్పనూ లేదు. నేను దగ్గినట్టే దగ్గాడు, నేను కండువా దులిపినట్టే దులిపాడు. పోటీ అయ్యాక గ్రీన్ రూముకు వచ్చిన ఒక న్యాయనిర్ణేత నా భుజం మీద చేయి వేసి, "మేష్టారూ, పాత్రలు ఎనిమిది కనబడ్డాయి గానీ గొంతు ఒక్కటే వినబడింది" అన్నారు. నేను వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

ఆ తరువాత చూపించడం మానేసి పని ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక నాటికలో ఒక అమ్మాయి బిందె నీళ్లు మోసుకొచ్చి, "నాయన ఇంకా రాలేదా?" అని అడగాలి. ఖాళీ ప్లాస్టిక్ బిందెను పూలబుట్టలా పట్టుకొచ్చి మాటను గడగడా అప్పగించేది. ఎంత చెప్పినా మారలేదు. హాస్టల్ వెనుక కుళాయి దగ్గరకు తీసుకెళ్లి, బిందె సగానికి నింపించి, మెట్లెక్కి రమ్మన్నాను. నిండు బిందె కంటే సగం బిందెను నిలకడగా మోయడం కష్టం, నీళ్లు అటూఇటూ ఊగి నడుమును లాగేస్తాయి. నాలుగోసారి ఎక్కేటప్పుడు నీళ్లు ఊగి, ఆమె ఒక అడుగు ఆగి, "నాయన..." అని ఊపిరి తీసుకుని, "...ఇంకా రాలేదా?" అంది. ఆ విరుపు స్క్రిప్టులో లేదు, నేను చూపగలిగినదీ కాదు. ప్రదర్శన నాడు బిందె ఖాళీదే అయినా ఆమె నడుము ఆ బరువును మరచిపోలేదు. నటుడి అనుభవం నాకు ఉపయోగపడింది ఇక్కడే: మాట ఎక్కడ తట్టుకుంటున్నదో నా ఒంటికి తెలుసు కాబట్టి ఏ పని ఇవ్వాలో తోచింది.

కనుక మీరు నటించండి, మానవద్దు, కానీ మీ విద్యార్థుల నాటకంలో ప్రధాన పాత్ర మాత్రం వేయవద్దు. సెలవుల్లో నాటక పరిషత్తుల పోటీలకు వెళ్లి మరొకరి దర్శకత్వంలో వేయండి. మాట తప్పి తిట్లు తినడం ఎలా ఉంటుందో గుర్తున్న అధ్యాపకురాలు రిహార్సల్లో పిల్లల మీద అనవసరంగా అరవదు.

సమాధానం: గంటల లెక్క

పై పెద్దాయన చెప్పినదంతా నిజమే గానీ, అది శాశ్వత ఉద్యోగం దొరికినవారి నిజం. నేను గత ఆరేళ్లుగా అతిథి అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. యూజీసీ 2019లో ఒక్కో పాఠానికి రూ.1,500, నెలకు మొత్తం రూ.50,000 దాకా ఇవ్వవచ్చునని చెప్పింది. నేను పనిచేసిన చోట చేతికి వచ్చినది అందులో సగానికి చాలా తక్కువ. పైగా లెక్కకు వచ్చేది టైంటేబుల్లో ఉన్న గంట మాత్రమే. సాయంత్రం ఆరు నుంచి నడిచే రిహార్సల్ ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. ఎనిమిదయ్యేసరికి అమ్మాయిల హాస్టల్ గేటు మూసేస్తారు కాబట్టి కథానాయిక సన్నివేశాలన్నీ ముందు చేయించి, ఆమె లేకుండానే ముగింపు సన్నివేశాన్ని నెల రోజులు నడిపిన సందర్భాలున్నాయి. నాయిక చీర మా అమ్మ బీరువాలోది, లాంతరు మా ఇంటిది.

అయినా ఎందుకు ఉన్నానని అడిగితే నాకూ సరైన జవాబు తెలియదు. మీకు పనికొచ్చే రెండు సంగతులు మాత్రం చెబుతాను. పైన చెప్పిన కళాకారుల దారిలో ‘ఆధారాలు’ అన్న మాట ఉంది కదా, అది చిన్న మాట కాదు. ఈ రోజు నుంచే ప్రతి ప్రదర్శన కరపత్రం, ఆహ్వాన పత్రిక, పత్రికలో వచ్చిన వార్త, ధ్రువపత్రం, వీడియో తేదీల వారీగా భద్రపరచుకోండి. యువజనోత్సవంలో మీరు దర్శకత్వం పూర్తి చేసిన నాటికకు దర్శకుడిగా ఎవరి పేరు ముద్రించారో ఒకసారి చూసుకోండి. నా మొదటి మూడు నాటికల కరపత్రాల్లో నా పేరే లేదు, అడగడానికి అప్పట్లో మొహమాటపడ్డాను.

రెండోది, కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్పులో నాటకం కూడా ఉంది. 18 నుంచి 25 సంవత్సరాల లోపువారికి రెండేళ్ల పాటు నెలకు రూ.5,000 ఇస్తారు. మీకు 24 అంటున్నారు, ఆలస్యం చేయవద్దు. బి.ఇడి. విషయంలో మాత్రం నేను మీ నాయన గారి పక్షమే. అది చేతిలో ఉంటే ఇలాంటి జీతాల ముందు తల వంచవలసిన అవసరం కొంత తగ్గుతుంది.

సమాధానం: తపస్సుమాను, పుత్తూరు దగ్గర పల్లె

అందరికీ నమస్కారం. మాది వీధినాటకం కుటుంబం. పాతతెర సారు అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట కాదనవలసి వస్తున్నది. చూసి అనుకరించడం దోషమైతే మా విద్య మొత్తం దోషమే అవుతుంది.

మా వైపు ద్రౌపదమ్మ గుళ్లలో పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు నాడు మా నాయన వేషం కట్టి తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కేవాడు. మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ పైకి చేరి, అక్కడి నుంచి నిమ్మకాయలు, విభూతి విసిరితే, పిల్లల్లేని ఆడవాళ్లు కింద కొంగు పట్టుకుని ఉండేవారు. మైకు లేని కాలంలో అంత ఎత్తు నుంచి పాడిన పద్యం కింద వేలమందికి వినబడాలంటే ఎక్కడ ఊపిరి తీయాలి? అది ఏ పుస్తకంలోనూ లేదు. మా అయ్యవారు తాళం వేస్తూ ఒక్కో పాదం పాడితే, నాయన అదే గొంతుతో, అదే విరుపుతో పది సంవత్సరాలు తిరిగి పాడాడు. ఆ తరువాతే, ఒక సంవత్సరం, ఎవరూ చెప్పకుండా ఒక రాగం మారింది. అయ్యవారు తాళం ఆపలేదు, తల మాత్రం ఊపారని నాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం కట్టి ఊరు ఊరంతా నటిస్తుంది. అటువంటి ఊళ్లో ఉండి నాటకం నేర్చుకోవడానికి దూరం వెళ్లాలా అని నాకనిపిస్తుంది. పట్టా కోసం వెళ్లండి, తప్పు లేదు. పరిశోధన మాత్రం ఇక్కడ చేయండి. మా వాళ్లను రికార్డు చేసుకుని వెళ్లిన పరిశోధకులు చాలామంది ఉన్నారు, కూర్చుని ఒక్క పద్యం నేర్చుకున్నవారు లేరు.

సమాధానం: పాతతెర

తపస్సుమాను గారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. నేనూ చిన్నప్పుడు పద్యం నేర్చుకున్నది మా గురువు గారి గొంతును యథాతథంగా దింపుకునే. ఆ సంగతి పై సమాధానంలో ఎందుకు రాయలేదో నాకే ఆశ్చర్యంగా ఉంది. మీ నాయన గారికి పదేళ్లు దొరికాయి, మాకు ఒక సెమిస్టరులో ప్రదర్శన. అరువు గొంతు సొంతం కావడానికి పట్టే కాలం మా దగ్గర లేదు, అందుకే ఆ కుర్రవాడు నా దగ్గు దగ్గరే ఆగిపోయాడు. అంతేగాక పద్యానికి రాగమనే కట్టు ఉంటుంది, సాంఘిక నాటికలోని వచనానికి ఆ ఆసరా లేదు. పద్యం నేర్పేటప్పుడు మాత్రం మీ పద్ధతే సరైనదని ఒప్పుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ నాయనకు చదివి వినిపించాను. స్కాలర్‌షిప్పు మాట దగ్గర ఆపి, ఐదువేలంటే ఐదువేలేనా అని రెండుసార్లు అడిగారు. బి.ఇడి.లో చేరి, చేస్తూనే రంగస్థల కళల పీజీ ప్రవేశ పరీక్షకు చదువుకోమన్నారు. కరపత్రం కూడా వెతికి చూశాను. మధ్యలో మానేసిన దర్శకుడి పేరే ఉంది. మా శాఖాధిపతి గారిని అడిగి, ఆ నాటికను నేను పూర్తి చేసినట్టు ఒక పత్రం రాయించుకోబోతున్నాను.

తపస్సుమాను అన్నా, ఒక చిన్న విన్నపం. మీ వీధినాటకంలో ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారని విన్నాను. నేను వచ్చి పద్యం నేర్చుకుంటానంటే అయ్యవారు ఒప్పుకుంటారా?

సమాధానం: తపస్సుమాను

అయ్యవారిని అడిగాను తల్లీ. ఆయనకు ఇప్పుడు కళ్లు సరిగా కనబడవు. "ఆడబిడ్డయితే ఏమిరా, గొంతుందా?" అన్నారు. ఆదివారం పొద్దున్నే రండి, ఎండ ఎక్కితే ఆయన పాడలేరు. నోటు పుస్తకం తేవద్దన్నారు.