“స్తుతమతియైన…” పద్యాన్ని తీసేయాలా?

మన చాటువుల (జనం నోట నిలిచిన విడిపద్యాల) సంకలనంలోంచి ఈ పద్యం తీసేద్దామని నిన్న ఒక మిత్రులు అన్నారు. రాయల సభలో ఇది జరిగిందనడానికి ఆధారం లేదన్నది వారి అభ్యంతరం.

స్తుతమతియైన యాంధ్రకవి ధూర్జటి పల్కులకేల గల్గెనో
యతులిత మాధురీమహిమ, హా తెలిసెన్ భువనైకమోహనో
ద్ధత సుకుమార వారవనితా జనతా ఘనతాపహారి సం
తత మధురాధరోదిత సుధారసధారలు గ్రోలుటం జుమీ

ధూర్జటి మాటలకు ఇంత తీపి ఎలా వచ్చిందని “మహిమ” దాకా రాయల ప్రశ్న, వారవనితల (వేశ్యల) అధరామృతం తాగడం వల్లనని “హా తెలిసెన్” నుంచి తెనాలి రామకృష్ణుడి జవాబు అని చెప్తారు. ఆ సభ కథ నిలవదని నేనూ ఒప్పుకుంటాను. రాయలు పోయింది 1529లో. అష్టదిగ్గజాల్లో చేర్చే భట్టుమూర్తి వసుచరిత్ర అంకితమిచ్చిన తిరుమలదేవరాయల ఏలుబడి 1565 తళ్ళికోట యుద్ధం తర్వాతది. రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం కూడా రాయలకు కాదు, విరూరి వేదాద్రి అనే ఆయనకు అంకితం. ఇక ధూర్జటి అయితే “రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు” అన్న కవి!

రాజుల్ని అంతగా రోసినవాణ్ణి రాజుగారి నోట ఎందుకు మెప్పించారు? ఈ పద్యం కట్టినవాళ్ల మనసుల్లో కవిత్వానికి కొలతబద్ద రాయల సభే. తమకిష్టమైన కవి పేరు అక్కడ వినబడి తీరాలనుకున్నారని నాకనిపిస్తుంది. ప్రశ్న కూడా చూడండి. శివభక్తి ఊసు లేదు, మాటల తీపి గురించే అడిగారు. ధూర్జటిని ఆ తీపి కోసం చదువుకున్న రసికులు ఉండేవారని మనకు చెప్పేది ఇలాంటి పద్యాలే. జవాబులోని వారవనితలూ ఊరికే రాలేదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో కవి పడే పశ్చాత్తాపం వెనక ఒక జీవితాన్ని ఊహించుకున్నారు. ఈ ఊహ ఏ శాసనంలోనూ దొరకదు.

అన్నట్టు, ఆ “హా” సరిగ్గా చంపకమాల యతిస్థానంలో, పదకొండో అక్షరంగా పడింది. ఇద్దరి మాటల్ని అలా అతికిన చేయి ఎవరిదో గానీ మహాగట్టిది.

రుజువైన ఘట్టాలే అచ్చువేస్తానని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పట్టుబట్టి ఉంటే ఆయన కూర్చిన చాటువుల సంకలనం చాటుపద్యమణిమంజరిలో ఎన్ని పద్యాలు మిగిలేవి?

— పిల్లలు ఇదే చరిత్ర అనుకుంటారు కదండీ? సినిమాలు చూసి ఇప్పటికే అనుకుంటున్నారు.

— నిజమే మాస్టారూ. అందుకే పద్యం పక్కనే “ఐతిహ్యం” అని రాద్దాం, పైన చెప్పిన అంకితాల వివరం కూడా ఇద్దాం. తీసేస్తే మాత్రం ఆ పాఠకుల జాడ కూడా పోతుంది. మీ ఇళ్లలో పెద్దలు ఈ జవాబు వేరే కవిదని చెప్పినా, మాటలు మార్చి చదివినా దిద్దకుండా అలాగే పంపండి. ఎవరు చెప్పారో, ఏ ఊరివారో రాయడం మరిచిపోకండి.