అప్‌డేట్: ఫిల్మ్ సిటీ లోపలే ఉండి వచ్చాం

రామోజీ ఫిల్మ్ సిటీ లోపలి హోటల్లో ఉండాలా, ఎల్‌బీ నగర్‌లో రూమ్ తీసుకుని పొద్దున్నే వెళ్లాలా అని పోయిన నెల అడిగాను కదా. లోపలే ఉన్నాం, అక్కడి సితార హోటల్ మా బడ్జెట్‌కి ఎక్కువైంది కాబట్టి తార హోటల్లో.

నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి క్యాబ్‌లో వెళ్లాం. నాకిది నాలుగోసారి. ఇన్నిసార్లూ సాయంత్రం బస్సుకి పరుగెత్తినదాన్ని, 1,666 ఎకరాల చోటు ఒక్కరోజులో చూసేది కాదని ఈసారే అర్థమైంది. మధ్యాహ్నం ఎండకి అమ్మ రూమ్‌లో పడుకుని, సాయంత్రం లైట్లు వేసే వేళకి మళ్లీ హుషారుగా బయల్దేరింది, అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. తిండి కుదరదేమోనని కావలి పిన్ని కట్టిచ్చిన గోంగూర పచ్చడి మూత కూడా తీయలేదు.

లోపలే ఉండమన్న అందరికీ థాంక్స్. సంక్రాంతికి అక్కావాళ్లతో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి రెండు రాత్రులు.