అప్‌డేట్: చెల్లి ప్లీహం దక్కింది

చెల్లి ప్లీహంలో (స్ప్లీన్) హైడాటిడ్ తిత్తి, అంటే ఒక రకం బద్దెపురుగు వల్ల వచ్చే నీటితిత్తి ఉంది, ప్లీహం మొత్తం తీసేయాల్సిందేనా అని అడిగాను కదా. అక్కర్లేకపోయింది. రోబోటిక్ సర్జరీలో తిత్తి ఉన్న పైభాగం మాత్రమే తీశారు.

ఎలా కుదిరిందో సర్జన్ గారు బొమ్మ గీసి చెప్పారు. ప్లీహానికి వెళ్లే ధమని లోపలికి చేరకముందే కొమ్మలుగా చీలుతుంది. పైకొమ్మను మూసేస్తే ఆ భాగం రంగు మారి, ఎక్కడ కోయాలో గీత తేలుతుందట. మణికట్టులా తిరిగే రోబో పరికరాలు అక్కడే బాగా అక్కరకొచ్చాయి. నా అసలు భయం తిత్తి చిట్లుతుందేమోనని. ఆ ద్రవం ఒలికితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, పొట్టలో కొత్త తిత్తులు పుట్టొచ్చు. అందుకే చుట్టూ గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గాజుగుడ్డలు పరిచి, తీసిన భాగాన్ని సంచిలో పెట్టి బయటికి తెచ్చారు. ఆ మాట విన్నాకే నాకు ఊపిరి ఆడింది!

ప్లీహం మొత్తం తీయాల్సి వస్తే ఇన్ఫెక్షన్ల ఇబ్బంది లేకుండా న్యుమోకాకస్, మెనింజోకాకస్ టీకాలు ముందే వేశారు. ఆ పురుగును చంపే ఆల్బెండజోల్ మాత్రలు చెల్లి ఇంకా వాడుతోంది. కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది. లివర్, రక్త పరీక్షలు చేస్తూనే ఉన్నారు, స్కాన్‌లు కొన్నేళ్లు తప్పవు.

ఇదే సమస్య ఉన్నవాళ్లకు ఒక మాట: తిత్తి ప్రధాన రక్తనాళాలను ఆనుకుని ఉంటే ప్లీహం మిగల్చడం కష్టం కావచ్చు. స్కాన్ చూపించి ముందే అడగండి.