సెయింట్ ఆగస్టీన్ పురావస్తు పార్కు: పిల్లలకు చూపించవచ్చా?

జాక్సన్‌విల్ వాసి: వచ్చే నెల అమ్మానాన్నలు ఇక్కడికి వస్తున్నారు. వారిని, పిల్లలను ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో ఉన్న ఫౌంటెన్ ఆఫ్ యూత్ (యవ్వనపు ఊట) పురావస్తు పార్కుకు తీసుకువెళ్ళాలని ఉంది. ఆ ఊట నీరు తాగితే యవ్వనం తిరిగి వస్తుందన్నది కట్టుకథ కాబట్టి అక్కడ టిక్కెట్టు కొనడం దండగ అని ఒక మిత్రుడు వారించారు. చూసినవారు చెప్పగలరు.

శాసనప్రియ: వెళ్ళవద్దనే చెబుతాను. యవ్వనపు ఊటను వెతికాడని కథలో చెప్పే స్పానిష్ అన్వేషకుడు పాన్స్ డి లియోన్ 1513లో ఫ్లోరిడా తీరం చేరిన మాట నిజమే కాని, ఎక్కడ దిగాడో నేటికీ తేలలేదు. ఆ ఊట కథను 1521లో అతడు చనిపోయాక ఇతరులు అతడికి అంటగట్టారు. నిలువుగా 15, అడ్డంగా 13 రాళ్ళు పేర్చిన శిలువ ఒకటి అక్కడ ఉంది. 1513కు అదే గుర్తని చెప్పినది ఆ స్థలానికి అప్పటి యజమానురాలైన లూయెల్లా డే మెక్‌కానెల్. మన వైపు ఒక కోటలో గైడు చెప్పిన లేని సొరంగం కథను మా అబ్బాయి పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకున్నాడు. ఆ బాధ నాకు తెలుసు.

మట్టిపొరలు: శాసనప్రియ గారూ, శిలువ సంగతి పక్కన పెట్టండి. 1565 సెప్టెంబరు 8న స్పానిష్ సేనాని పెడ్రో మెనెండెజ్ దిగింది అక్కడి ఆదివాసులైన తిముకువా జాతి వారి సెలోయ్ అనే ఊరి దగ్గర. ఆ ఊరు, ఆ తొలి స్పానిష్ శిబిరం ఇప్పటి పార్కు నేలలోనే ఉన్నాయని పురావస్తు శాస్త్రవేత్త క్యాథ్లీన్ డీగన్ బృందం ఏళ్ళ తరబడి తవ్వి చూపింది. గుంజలు పాతిన చోట మట్టి రంగు మారి మిగిలిన మచ్చలను బట్టి, కట్టడం ఎటు సాగిందో వారు గుర్తుపట్టారు. ఇంతటి నేలను ఒక్క ఊట కథ కోసం వదులుకోమంటారా?

ఓర్లాండో అక్క: పెద్దవాళ్ళు నడవగలరు, నీడ ఉంది, నెమళ్ళు తిరుగుతుంటాయి. ఆ నీటికి గంధకం వాసన ఎక్కువ.

శాసనప్రియ: శిలువ గురించి జవాబు రాలేదు. అది పాన్స్ డి లియోన్ పెట్టినదా, కాదా?

మట్టిపొరలు: పెట్టాడనడానికి ఆధారం లేదని నేనూ ఒప్పుకుంటాను. అయినా మీరు ఆ శిలువ రాళ్ళ దగ్గరే ఆగిపోయి, కింద ఉన్న నాలుగు వందల ఏళ్ళ మట్టిని చూడనంటున్నారు. ఇది చరిత్ర మీద ప్రేమ కాదు, పంతం.

శాసనప్రియ: పంతం అన్నారు కాబట్టి అసలు మాట చెబుతాను. 1934లో అక్కడ క్రైస్తవ ఆచారం ప్రకారం పూడ్చిన తిముకువా వారి సమాధులు బయటపడ్డాయి. వారి ఎముకలను కప్పు వేసి దశాబ్దాలపాటు సందర్శకులకు చూపించి, 1991లో గాని తిరిగి పూడ్చలేదు. ఒక ప్రాజెక్టు నీటిలో మా అమ్మమ్మ గారి ఊరు మునిగినప్పుడు మా తాతల సమాధులనూ తీసుకురాలేకపోయాము. నా వాళ్ళ ఎముకలకు ఎవరైనా టిక్కెట్టు పెట్టి ఉంటే ఆ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు.

మట్టిపొరలు: ఇది మొదటే చెప్పి ఉంటే శిలువ మీద ఇంత వాదన జరిగేది కాదండీ. నేను విభేదించేది ఇక్కడే. 1763లో స్పెయిన్ ఫ్లోరిడాను వదిలినప్పుడు, మిగిలిన కొద్దిమంది తిముకువా వారు కూడా స్పానిష్ వారితో క్యూబాకు వెళ్ళిపోయారు. మీ అమ్మమ్మ గారి ఊరిని తలుచుకోవడానికి మీరున్నారు. సెలోయ్‌ను తలుచుకోవడానికి ఆ ఊరివారెవరూ లేరు. చూడటానికి వచ్చినవాళ్ళు కూడా రావడం మానేస్తే అక్కడ ఊటా శిలువా మాత్రమే మిగులుతాయి. అందుకే వెళ్ళాలంటున్నాను.

శాసనప్రియ: తలుచుకోవడానికి ఆ గుమ్మమే అక్కరలేదు. పక్కనే ఉన్న నోంబ్రె డి డియోస్ అనే క్రైస్తవ మిషన్ ఆవరణలోకి ప్రవేశ రుసుము లేదు. తిముకువా వారి మధ్య నడిచిన ఆ మిషన్ గురించి పిల్లలకు అక్కడ నిలబడి చెప్పవచ్చు.

మట్టిపొరలు: అక్కడికీ వెళ్ళమనండి, అభ్యంతరం లేదు. కాని మెనెండెజ్ శిబిరం బయటపడిన నేల ఏదని పిల్లలు అడిగితే, గోడ ఇవతల నిలబడి వేలు చూపించడం నాకు సరిపోదు.

జాక్సన్‌విల్ వాసి: ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు మిషన్‌కు వెళ్ళి, ఆ సమాధుల సంగతి పిల్లలకు, నాన్నగారికి చెబుతాను. ఆ తరువాత పార్కులోకి రావాలా వద్దా అన్నది వారినే అడుగుతాను.