సైగలు నేర్పితే మాటలు రావా?

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు, పుట్టు చెవుడు. స్పీచ్ థెరపీ నడుస్తోంది. సైగలు నేర్పితే ఇక మాట్లాడదని మా అత్తగారి టెన్షన్. నిజమేనా?

జవాబు: సైగలు మాటకి అడ్డం రావమ్మా. అసలు ఏ భాషా లేకపోతేనే నష్టం. మధ్య అమెరికా దేశం నికరాగ్వాలో బడిలో కలిసిన బధిర పిల్లలు 1970ల చివరి నుంచి సొంతంగా సైగల భాష పుట్టించుకున్నారు. మొదటి బ్యాచ్‌కి కుడిఎడమలు చెప్పే పద్ధతి కుదురుకోలేదు. పెద్దయ్యాక వాళ్లని కళ్లకు గంతలు కట్టి తిప్పి, గదిలో దాచింది వెతకమంటే, ఆ పద్ధతి కుదిరిన తర్వాతి బ్యాచ్ కన్నా ఎక్కువ తడబడ్డారు.

జవాబు: నేను బధిరుణ్ణే. చిన్నప్పుడు పెదాలు చూసి నేర్చుకోమన్నారు. పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి, ఏం చేస్తాం! సైగలొచ్చాకే ‘నాన్న ఎందుకు అలిగాడు?’ అని అడగగలిగాను. ఇంట్లో అందరూ నేర్చుకోండి, అత్తగారితో సహా.

ప్రశ్న అడిగినవారు: ఆవిడకి చదివి వినిపించా. ‘అన్నం’ సైగ ఎలా అంటున్నారు!